ఫెయిర్‌బర్న్-సైక్స్ బాకు: సానను బట్టి నమూనాల గుర్తింపు

ఫెయిర్‌బర్న్-సైక్స్ బాకు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ కమాండో దళాల కోసం రూపొందించిన రెండు వాదరల పోరాట కత్తి. దీనిని క్లుప్తంగా ఎఫ్-ఎస్ కత్తి అనీ, వాడుకలో కమాండో డాగర్ అనీ పిలుస్తారు. లండన్‌కు చెందిన విల్కిన్‌సన్ స్వోర్డ్ సంస్థ 1941 జనవరిలో దీని తయారీని ప్రారంభించింది. తరువాతి కాలంలో షెఫీల్డ్ నగరపు కత్తుల తయారీదారులు కూడా దీనిని పెద్ద సంఖ్యలో తయారు చేశారు. పాత ఆయుధాలను సేకరించేవారు ఈ బాకును మూడు ప్రధాన నమూనాలుగా విభజిస్తారు. మొదటి, రెండవ, మూడవ నమూనా అనే పేర్లు ప్రధానంగా సేకరణకర్తల వాడుకవల్ల స్థిరపడినవి.

ఈ విభజనకు పిడి, అడ్డుపట్టీ, ముద్రలు, అలుగు అన్నీ ఆధారాలే. వీటిలో అలుగుకు, అంటే బ్లేడుకు, పట్టిన సాన మిగిలినవాటికంటె నమ్మదగినది. ఈ బాకు నిర్మాణమే అందుకు కారణం. అలుగు వెనుకభాగం సన్నని తోకగా మారి, బోలుగా ఉన్న పిడిగుండా పైకి వెళ్తుంది. ఆ తోక చివర మరచుట్లు ఉంటాయి. వాటిపై చిన్న గుండ్రని నట్టును బిగిస్తారు. నట్టు విప్పితే పిడి, అడ్డుపట్టీ విడిగా ఊడివస్తాయి. కనుక ఒక కత్తి పిడిని మరొక కత్తికి తొడగడం పెద్ద పని కాదు. విరిగిన పిడి స్థానంలో మరో పిడి వేసిన బాకులు, ధర కోసం కావాలని భాగాలు మార్చిన బాకులు రెండూ విపణిలో కనిపిస్తాయి. అలుగుపై సాన మాత్రం ఒకసారి పట్టిన తరువాత వెనక్కు రాదు. సానతో ఉక్కును తీసివేయగలరేగాని చేర్చలేరు.

నేపథ్యం

ఈ కత్తికి పేరునిచ్చిన విలియం ఎవర్ట్ ఫెయిర్‌బర్న్ (1885-1960), ఎరిక్ ఆంథొనీ సైక్స్ (1883-1945) ఇద్దరూ చైనాలోని షాంఘై పురపాలక పోలీసు దళంతో సంబంధం ఉన్నవారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో షాంఘై వీధుల్లో ముఠాల దాడులు అధికం. ఆ అనుభవంతో ఫెయిర్‌బర్న్ దగ్గరి పోరాటానికి ప్రత్యేక శిక్షణ విధానాన్ని తయారు చేశాడు. పాత తుపాకి బాయొనెట్లను కోసి, సానపట్టి, చిన్న బాకులుగా మలచే ప్రయత్నాలు కూడా షాంఘైలోనే జరిగాయి. ఎఫ్-ఎస్ కత్తికి అవే పూర్వరూపాలని భావిస్తారు.

1940లో ఇద్దరూ బ్రిటన్‌కు తిరిగివచ్చి, స్కాట్లండ్‌లోని లోఖైలర్ట్ ప్రత్యేక శిక్షణ కేంద్రంలో బోధకులుగా చేరారు. అదే సంవత్సరం నవంబరులో వారు విల్కిన్‌సన్ సంస్థకు వెళ్లి తమ కత్తి గురించి చర్చించారు. 1772లో హెన్రీ నాక్ అనే తుపాకుల తయారీదారు స్థాపించిన వ్యాపారమే ఈ సంస్థకు మూలం. అప్పటికే అది సైనిక ఖడ్గాలకు పేరుపొందినది. రెండు నెలల్లోనే కత్తులు తయారై బయటకు వచ్చాయి. ఇంత త్వరగా తయారైన ఆయుధంలో తరువాత మార్పులు రావడం సహజమే.

ఈ బాకు ముఖ్యంగా పొడవడానికి ఉద్దేశించినది. మందమైన చలికోటును దాటి శరీరంలోకి చేరగలిగేటంత పొడవు, మొన వైపుకు క్రమంగా సన్నబడే ఆకారం, బరువు పిడి వైపు నిలిచే తూకం దీని లక్షణాలు. ఫెయిర్‌బర్న్ 1942లో వెలువరించిన పోరాట పాఠ్యపుస్తకంలో ఈ కత్తి వాడకాన్ని వివరించాడు. ఆ పుస్తకం బ్రిటన్‌లో ఆల్-ఇన్ ఫైటింగ్ అనే పేరుతోను, అమెరికాలో గెట్ టఫ్ అనే పేరుతోను వెలువడింది.

సాన రకాలు

సాన అంటే ఉక్కుపలకను రాపిడి చక్రంపై అరగదీసి వాదర వైపుకు పలుచబరచడం. అరగదీసినందువల్ల ఏర్పడే ఏటవాలు తలాన్ని ఈ వ్యాసంలో వాలు అని పేర్కొన్నాము. తెలుగు ఇళ్లలోని కత్తులలోనే వాలుల భేదాలు చూడవచ్చు. వంటింటి చాకుకు రెండు పక్కలా వాలు ఉండి అవి ఒకే వాదర వద్ద కలుస్తాయి. మంగలికత్తి వాలులు లోపలికి గుంటగా వంగి ఉంటాయి. అందువల్లనే దాని వాదర అతి పలుచగా నిలుస్తుంది. ఈ రెండవ రకాన్ని గుంటసాన అనవచ్చు.

ఎఫ్-ఎస్ బాకుకు రెండు వాదరలు. ఒక్కొక్క పక్కన రెండేసి చొప్పున మొత్తం నాలుగు వాలులు ఉంటాయి. ఒకే పక్కనున్న రెండు వాలులు కలిసేచోట అలుగు మధ్యగా ఒక గట్టు ఏర్పడుతుంది. దానిని నడివెన్ను అనవచ్చు. అలుగును అడ్డంగా కోసి చూస్తే పేకముక్కలలోని డైమండు గుర్తును నొక్కి సాగదీసినట్లు ఉంటుంది. వాలులు గుంటగా కాక చదునుగా ఉండడం ఎఫ్-ఎస్ సానకు మూల లక్షణం.

నమూనాలను వేరుచేసేటప్పుడు మొదట చూడవలసినది నడివెన్ను ఎక్కడ మొదలవుతున్నది అన్న విషయం. మిగిలిన పరీక్షలన్నీ దీని తరువాతే.

మొదటి నమూనా

1941 నుండి 1942 వరకు విల్కిన్‌సన్ తయారు చేసిన బాకులు ఈ వర్గానికి చెందుతాయి. వీటిలో అలుగు మొదలు, అంటే అడ్డుపట్టీకి ఆనుకొని ఉన్న భాగం, సానపట్టకుండా దీర్ఘచతురస్రాకారపు చదునుగా వదిలిపెట్టబడినది. ఈ భాగాన్ని ఖడ్గాల పరిభాషలో రికాసో అంటారు. ఈ నమూనాలో రికాసో అర అంగుళం పైచిలుకు ఉంటుంది. దానికి వాదర లేదు, నడివెన్ను లేదు. అది ముగిసిన చోటనుండి నాలుగు వాలులు మొదలవుతాయి.

రికాసోకు ఒకవైపు విల్కిన్‌సన్ సంస్థ పేరు, మరొకవైపు ఎఫ్-ఎస్ అనే అక్షరాలతో కూడిన కత్తి పేరు ఆమ్లంతో చెక్కబడి ఉంటాయి. చదునైన తలంపై చెక్కడం సులభం కనుక ఆ భాగం గుర్తులకు కూడా అనువైనది. అలుగు పొడవు సుమారు 6.5 అంగుళాలు, అనగా 16.5 సెంటీమీటర్లు. అడ్డుపట్టీ సుమారు 2 అంగుళాల పొడవుతో, ఆంగ్ల అక్షరం ఎస్ వలె ఒక కొన ముందుకు, మరొక కొన వెనుకకు వంగి ఉంటుంది. పిడి ఇత్తడితో చేయబడి, నికెల్ పూతతో, పట్టు జారకుండా సన్నని గళ్ల చెక్కడంతో ఉంటుంది.

అలుగును పనివారు చక్రం ముందు నిలబడి చేతితోనే సానపట్టారు. అందువల్ల మొదటి నమూనాలో ఏ రెండు అలుగులూ అచ్చంగా ఒక్కలా ఉండవు. రికాసో నుండి వాలులోకి దిగే గీత ఒక కత్తిలో కొంచెం వాలుగా, మరొక దానిలో కొంచెం గుండ్రంగా ఉండవచ్చు. ఇటువంటి చిన్న తేడాలను చూసి కొత్త సేకరణకర్తలు నకిలీ అని అనుమానించడం కద్దు. నిజానికి నాలుగు వాలులూ కొలిచి గీసినట్లు సమానంగా ఉన్న మొదటి నమూనాయే ఎక్కువ అనుమానించదగినది.

తక్కువకాలం తయారైనందువల్ల ఈ నమూనా అరుదైనది, ఖరీదైనది. నకిలీలు ఎక్కువగా పుట్టినది కూడా ఈ నమూనాకే.

రెండవ నమూనా

1942లో తయారీని సులభం చేయడానికి మార్పులు జరిగాయి. వంపు తిరిగిన అడ్డుపట్టీ స్థానంలో చదునైన, కోడిగుడ్డు ఆకారపు నిడుపాటి పట్టీ వచ్చింది. పట్టీని వంచే పని దీనితో తప్పింది. కొన్ని కత్తులలో ఈ పట్టీ 3 అంగుళాల పొడవు ఉండేది. ఎక్కువగా కనిపించేవి 2 అంగుళాలవి. పిడి మాత్రం గళ్ల చెక్కడంతో పాత పద్ధతిలోనే కొనసాగినది.

అలుగులో వచ్చిన మార్పు మరింత స్పష్టమైనది. రికాసో పూర్తిగా తీసివేయబడినది. నాలుగు వాలులు, నడివెన్ను నేరుగా అడ్డుపట్టీ వరకు సాగుతాయి. వాదర కూడా పట్టీ అంచునుండే మొదలవుతుంది. అలుగు పొడవు 7 అంగుళాల ప్రాంతానికి పెరిగింది. విల్కిన్‌సన్ చేసిన కత్తులలో సంస్థ పేరు, కత్తి పేరు ఇప్పుడు రికాసో లేనందువల్ల అడ్డుపట్టీకి దిగువన అలుగు ముఖంపైనే చెక్కబడ్డాయి. ముద్రలు లేని రెండవ నమూనా కత్తులు కూడా చాలా ఉన్నాయి. ముద్ర లేనంత మాత్రాన కత్తి నకిలీ కాదు.

రెండవ నమూనాలో సాన చేతిదే. విల్కిన్‌సన్ పనివారి చేతిసానలో నడివెన్ను పదునుగా, తేటగా కనిపిస్తుంది. దీపపు వెలుగులో అలుగును మెల్లగా తిప్పితే ఒక వాలు మెరిసి మరొక వాలు నీడలో పడుతుంది. ఆ రెండింటి హద్దు దారంవలె సన్నగా ఉంటుంది గాని, పూర్తిగా సూటిగా ఉండదు. పట్టీనుండి మొన వరకు ఒకటి రెండు చోట్ల స్వల్పంగా అటూ ఇటూ జరుగుతుంది. అనుభవజ్ఞులు ఈ వణుకును చూసే చేతిసానను గుర్తుపడతారు.

ఈ నమూనాలో నికెల్ పూత వేసినవి, నల్లరంగు వేసినవి రెండూ ఉన్నాయి. రాత్రివేళ దాడులలో మెరుపు శత్రువు కంట పడకుండా నలుపు పూత పనికివస్తుంది. పూత రంగును బట్టి నమూనాను నిర్ణయించడం సరికాదు. పూతను ఎప్పుడైనా వేయవచ్చు, గీకివేయవచ్చు.

మూడవ నమూనా

1943 చివరిభాగం నుండి తయారైన బాకులు మూడవ నమూనా. ఇత్తడి యుద్ధావసరాలకు ముఖ్యమైన లోహం కావడంతో, పిడిని చవకైన మిశ్రమలోహంతో అచ్చుపోయడం మొదలయింది. గళ్ల చెక్కడం పోయి, పిడి చుట్టూ ఒకదాని కింద ఒకటిగా గుండ్రని వలయాలు వచ్చాయి. అచ్చు సంఖ్యగా 1 నుండి 4 వరకు ఏదో ఒక అంకె పిడి పైభాగాన కనిపించడం కూడా ఈ నమూనా లక్షణమే. ప్రజలకు బాగా తెలిసిన కమాండో బాకు ఇదే. సినిమాలలో, చిత్రాలలో కనిపించేది ఎక్కువగా ఈ రూపమే.

ఈ నమూనాకు కూడా రికాసో ఉండదు. కనుక రెండవ, మూడవ నమూనాల అలుగులను పొడవు, ఆకారం చూసి వేరుచేయడం కష్టం. ఇక్కడ ఉపకరించేది సాన నాణ్యత. తయారీ పెరిగి, పని అనేక సంస్థలకు పంచబడిన తరువాత యంత్రంతో సానపట్టడం ఎక్కువయింది. యంత్రపు సానలో నడివెన్ను సూటిగా ఉంటుంది. అయితే ఆ గట్టు తరచుగా మొద్దుబారి ఉంటుంది, వాలులపై చక్రపు గీతలు అలాగే మిగిలి ఉంటాయి. మెరుగుపెట్టే సమయం ఎవరికీ లేదు. నల్ల పూత ఆ గరుకుతనాన్ని కొంతవరకు కప్పివేస్తుంది.

మూడవ నమూనాలో కూడా మంచి అలుగులు లేకపోలేదు. యుద్ధకాలపు తయారీ అంతా నాసిరకమని కొట్టిపారేయడం సేకరణకర్తలలో ఉన్న ఒక అతిశయోక్తి మాత్రమే. బాకుకు కావలసినది గుచ్చగల మొన. అది వీటిలో ఉన్నది. యుద్ధం ముగిసిన తరువాత కూడా షెఫీల్డ్ సంస్థలు ఈ నమూనాను సైన్యానికీ, జ్ఞాపికలు కొనేవారికీ తయారు చేస్తూ వచ్చాయి. యుద్ధానంతరపు కత్తులలో అడ్డుపట్టీపై ఇంగ్లండ్ అనే పదం గాని, షెఫీల్డ్ తయారీదారుని పేరు గాని ఉండడం సాధారణం. సాన ఒక్కటే చూసి 1944 నాటి కత్తిని 1950ల నాటి కత్తినుండి వేరుచేయగలమని అనడం సాహసమే అవుతుంది. ఇక్కడ ముద్రలను కూడా ఆశ్రయించక తప్పదు.

అమెరికా బాకులు

ఫెయిర్‌బర్న్ 1942లో ఉత్తర అమెరికాకు వెళ్లి, కెనడాలోని క్యాంప్ ఎక్స్ శిక్షణ కేంద్రంలోను, తరువాత అమెరికా గూఢచార సంస్థ అయిన ఓఎస్ఎస్‌లోను బోధించాడు. ఆయన ప్రభావంతో అమెరికాలో మూడు బాకులు వచ్చాయి. ఇవి ఎఫ్-ఎస్ కత్తులుగా పొరబడబడుతూ ఉంటాయి. సాన చూస్తే పొరపాటుకు తావు తక్కువ.

వీటిలో ముఖ్యమైనది వి-42. అమెరికా, కెనడా సైనికులతో 1942లో ఏర్పడిన మొదటి ప్రత్యేక సేవాదళం కోసం కేస్ సంస్థ దీనిని తయారు చేసింది. ఈ దళానికి రాబర్ట్ ఫ్రెడరిక్ నాయకుడు. వి-42 అలుగుకు నాలుగు వాలులూ గుంటసానే. అలుగుపై ఒక ఉక్కు స్కేలును అడ్డంగా ఆనించి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే, నడివెన్నుకూ వాదరకూ మధ్య సన్నని వెలుగు కనిపిస్తుంది. ఎఫ్-ఎస్ కత్తి చదును వాలులపై ఆ వెలుగు కనిపించదు. వి-42లో రికాసో కూడా ఉన్నది. దానిపై బొటనవేలు ఆనించడానికి అడ్డగీతలు గీసిన గుంట ఉంటుంది. ఇది చూడగానే గుర్తించదగిన లక్షణం. గుంటసానవల్ల దాని మొన అతి సన్నమై విరిగే స్వభావం కలిగినది.

ఓఎస్ఎస్ బాకును కనెక్టికట్ రాష్ట్రంలో వంటింటి సామాను తయారు చేసే లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్ సంస్థ చేసింది. దీని ఒరకు ఉన్న లోహపు పట్టీ అట్లకాడవలె ఉండడానికి ఆ సంస్థ నేపథ్యమే కారణమని చెబుతారు. అలుగు ఎఫ్-ఎస్ రెండవ నమూనాకు దగ్గరగా ఉన్నా పలుచన. మెరైన్ రైడర్ బాకును కెమిల్లస్ సంస్థ తయారు చేసింది. దీని అలుగుపై అమెరికా మెరైన్ దళపు అక్షరాలు చెక్కబడి ఉంటాయి. దీని పిడిలోని జింకు మిశ్రమం కాలక్రమంలో పొడిబారి పగిలిపోవడంతో, పిడి చెడని కత్తులు అరుదైపోయాయి.

మళ్లీ సానపట్టిన అలుగులు

సైనికుని చేతిలో ఉన్న కత్తి వస్తుప్రదర్శనశాల కోసం తయారైనది కాదు. డబ్బాలు తెరవడం, పెట్టెల మూతలు లేపడం, కర్రలు చెక్కడం వంటి పనులన్నింటికీ ఈ బాకును వాడేవారు. వీటికి దీని సన్నని మొన తగినది కాదు. మొన విరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు దానిని రాతిపైనో చక్రంపైనో మళ్లీ మొనదేల్చారు. ఈ కారణంగా పాత ఎఫ్-ఎస్ కత్తులలో చాలావాటి అలుగులు మూలరూపంలో లేవు.

ఇక్కడే గుర్తింపు చిక్కుబడుతుంది. 7 అంగుళాల రెండవ నమూనా మొన విరిగి, తిరిగి సానపట్టిన తరువాత 6.5 అంగుళాలకు తగ్గితే అది మొదటి నమూనా పొడవుకు సరిపోతుంది. ఇటువంటి కత్తిని అరుదైన చిన్న అలుగు రకమని, లేదా మార్పుకాలపు కత్తి అని అమ్మడం జరుగుతుంది. దీనిని తేల్చడానికి పొడవు కాక వాలును చూడవలసి ఉంటుంది. అసలు అలుగులో రెండు వాదరలు అడ్డుపట్టీనుండి క్రమంగా సన్నబడి మొన వద్ద కలుస్తాయి. విరిగి మళ్లీ మొనదేలిన అలుగులో ఆ సన్నబడే తీరు మొన దగ్గరకు వచ్చేసరికి ఒక్కసారిగా మారుతుంది. వాదర గీతలో చిన్న మూల లేదా భుజం ఏర్పడుతుంది. నడివెన్ను కూడా మొన దాకా చేరకుండా ముందే అంతరించవచ్చు, లేక పక్కకు జరగవచ్చు. అలుగు మందాన్ని మొననుండి ఒక అంగుళం దూరంలో కొలిస్తే, మళ్లీ సానపట్టిన కత్తి అక్కడ తోటి కత్తులకంటె మందంగా ఉంటుంది. ముందున్న సన్నని భాగం విరిగిపోయినందువల్ల, ఒకప్పుడు వెనుక ఉన్న మందపు భాగమే మొనకు దగ్గరగా వచ్చింది.

మరొక గుర్తు వాదరను ఆనుకొని ఉండే రెండవ వాలు. పెద్ద వాలుకు దిగువన, వాదర వెంబడి వెడల్పయిన మరో చిన్న పట్టీ మెరుస్తూ కనిపిస్తే, అది తరువాత ఎవరో పదునుపెట్టినందువల్ల ఏర్పడినదై ఉండవచ్చు. యుద్ధకాలంలోనే ఆ కత్తి యజమాని పదునుపెట్టి ఉంటే, దానిని లోపమనాలా, చరిత్ర అనాలా అన్నది సేకరణకర్తల మధ్య తెగని వాదన. ధర నిర్ణయించేవారు దానిని లోపంగానే లెక్కిస్తారు. సైనికుని కుటుంబం దగ్గరినుండి వచ్చిన కత్తి విషయంలో ఆ లెక్క అంత న్యాయమైనది కాదు.

కొత్తగా కొన్నవారు మెరుపుకోసం బఫింగ్ చక్రంపై మెరుగుపెట్టించడం అన్నింటికంటె పెద్ద నష్టం. బట్టచక్రం నడివెన్నును గుండ్రం చేస్తుంది, చేతిసాన గీతలను చెరిపివేస్తుంది, ఆమ్లపు చెక్కడాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. అటువంటి కత్తి విల్కిన్‌సన్ పనివాని చేతిలో తయారైనదే అయినా దానిని నిరూపించే సాక్ష్యం పోయినట్లే. తుప్పు ఉంటే కొద్దిపాటి నూనెతో తుడవడం, తోలు ఒరలో ఎక్కువకాలం ఉంచకపోవడం మేలు. తోలు తేమను పీల్చి అలుగుకు అంటిస్తుంది.

నకిలీ రికాసో

మొదటి నమూనా ధర ఎక్కువ కనుక, రెండవ లేదా మూడవ నమూనా అలుగుకు రికాసో కల్పించే ప్రయత్నాలు అర్థం చేసుకోదగినవే. పిడి, అడ్డుపట్టీ విడిగా సంపాదించవచ్చు లేదా కొత్తగా చేయించవచ్చు. మిగిలినది అలుగు. అడ్డుపట్టీ దగ్గర నడివెన్నును అరగదీసి చదును చేస్తే పైకి రికాసోలాగే కనిపిస్తుంది.

అయితే ఇందులో మోసం దాగదు. అసలు రికాసో సానపట్టని ఉక్కు. నడివెన్ను ఆ మందంనుండే చెక్కబడినది కనుక రికాసో మందం నడివెన్ను మందంకంటె తక్కువగా ఉండడానికి వీలులేదు. నకిలీ రికాసోలో మాత్రం గట్టు తీసివేయబడినందువల్ల చదునుభాగం దాని ముందున్న నడివెన్నుకంటె పలుచగా ఉంటుంది. మందాన్ని కొలిచే వెర్నియర్ కాలిపర్సు ఒకటి ఉంటే చాలు. అది లేకపోతే స్కేలు అంచును నడివెన్ను వెంబడి పొడవుగా ఆనించి చూడాలి. చదునుభాగం వద్ద స్కేలు కింద సందు కనిపిస్తే అనుమానించాలి. పైగా వాదర ఒకప్పుడు పట్టీవరకు ఉన్న అలుగులో, చదును చేసిన భాగం పక్క అంచులు మందంగా, చతురస్రంగా ఉండవు. వాటిని చతురస్రం చేయాలంటే వెడల్పు తగ్గించవలసి వస్తుంది. అప్పుడు అలుగు మొదట్లో ఇరుకై, ముందుకు వెళ్లేకొద్దీ వెడల్పయి, తిరిగి సన్నబడుతుంది. అసలు కత్తిలో ఇటువంటి నడుము ఉండదు.

మొదటినుండి కొత్త ఉక్కుతో చేసిన నకిలీలను ఈ పరీక్ష పట్టుకోలేదు. వాటిలో రికాసో సరైన మందంతోనే ఉంటుంది. అక్కడ చేతిసాన లక్షణాలను, చెక్కడపు అక్షరాల తీరును, నట్టు అరుగుదలను కలిపి చూడాలి. ఆధునిక యంత్రాల సానలో నాలుగు వాలుల వెడల్పు దాదాపు తేడా లేకుండా ఉంటుంది, రికాసోనుండి వాలులోకి దిగే గీతలు రెండు పక్కలా ఒకే ఎత్తులో సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. చవకరకం కత్తులలో తుప్పుపట్టని ఉక్కు వాడడం కూడా ఉన్నది. 80 ఏళ్లు దాటిన అలుగుపై ఒక్క మచ్చ లేకపోవడం అంతగా సంతోషించదగిన విషయం కాదు.

ఫొటో మాత్రమే చూసి కొనేవారు పై పరీక్షలలో దేనినీ చేయలేరు. కనీసం అలుగును పక్కనుండి, పైనుండి, మొన వైపునుండి తీసిన మూడు ఫొటోలైనా అడగడం అవసరం. మొన వైపునుండి తీసిన ఫొటోలో డైమండు ఆకారం సరిగా ఉన్నదా, ఒకవైపుకు ఒరిగినదా అన్నది తెలుస్తుంది.

విమర్శ, ప్రభావం

ఈ బాకు ఎంత ప్రసిద్ధమైనదో దానిపై విమర్శలు కూడా అన్ని ఉన్నాయి. మొన విరగడం వాటిలో మొదటిది. పిడి గుండ్రంగా ఉన్నందువల్ల చీకటిలో పట్టుకున్నప్పుడు వాదర ఏ వైపు ఉన్నదో తెలియదు అన్నది రెండవది. ఫెయిర్‌బర్న్‌తో కలిసి పనిచేసిన అమెరికా సైనికాధికారి రెక్స్ యాపిల్‌గేట్ ఈ లోపాలను సరిదిద్దుతూ, వెడల్పయిన అలుగు, గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారపు కోతగల పిడితో మరొక కత్తి రూపకల్పనను ముందుకు తెచ్చాడు. అది యుద్ధం ముగిసిన చాలా ఏళ్ల తరువాత యాపిల్‌గేట్-ఫెయిర్‌బర్న్ పేరుతో తయారయింది.

బ్రిటిష్ రాయల్ మెరైన్ కమాండోల భుజచిహ్నంలో ఈ బాకు రూపం కనిపిస్తుంది. కమాండో దళాలకు బాకు గుర్తుగా మారడం ఇతర దేశాలకు కూడా వ్యాపించింది. భారత సైన్యంలో పారాచ్యూట్ రెజిమెంటు ప్రత్యేక దళాలు ధరించే బలిదాన్ చిహ్నంలో కిందికి మొన చూపే బాకు, దానికి ఇరువైపులా పైకి లేచిన రెక్కలు, అడ్డంగా నాగరి లిపిలో బలిదాన్ అనే పదం ఉంటాయి. చిహ్నాలలోని బాకులు చిత్రకారుని ఊహకు లోబడినవి కనుక వాటిలో నమూనా సంఖ్యను వెదకడం వ్యర్థం.

విల్కిన్‌సన్ సంస్థ 2005లో లండన్‌లోని తన ఖడ్గాల కర్మాగారాన్ని మూసివేసింది. ఆ తరువాత ఆ సంస్థ పాత అలుగులపై ఆసక్తి మరింత పెరిగింది, వాటితోపాటు నకిలీలు కూడా.